చెవి కోసింది చచ్చిన బర్రెకే

నిరుడు కోదాడ దగ్గర చిలుకూరులో మా పాడిబర్రె పాము కరిచి చనిపోయింది. బీమా డబ్బుకు రుజువుగా కంపెనీ వేసిన ట్యాగు ఉన్న చెవిని కోసి ఇచ్చి, కళేబరాన్ని మా మెట్ట చెలకలో పూడ్చాం.

వారానికి సూర్యాపేట నుంచి బీమా కంపెనీ వకీలు వచ్చి, ఊరందరి ముందు, "బతికున్న బర్రె చెవి కోసి, దాన్ని మిర్యాలగూడల అమ్మినవంట. ఒప్పుకుంటే కేసు ఉండదు" అన్నారు.

నా ఒళ్ళు మండింది. "సూసినంకనే పోవాలె సారూ" అని ఆయన్నీ ఊరివాళ్ళనీ చెలకకు తీసుకెళ్ళి నేనే తవ్వాను. కంపుకు ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని "చాలమ్మా" అన్నారు. నేను ఆపలేదు. ఒక చెవి లేని తల బయటపడ్డాక, పార ఆయన చేతిలో పెట్టాను.

"తవ్వుడు నేను తవ్విన. ఇగ పూడ్సుడు మీ పని."

అనుమానించడం ఆయన ఉద్యోగం, కాదనను. కానీ ఊరి ముందు నన్ను దొంగను చేశారు. ఊరి ముందే మట్టి ఎత్తారు.