కర్ణపూరణం, మూడో రోజు

ఎల్బీనగర్‌లో నిశ్శబ్దం దొరుకుతుందంటే ఎవరూ నమ్మరు. పోయిన డిసెంబరులో నాకు రెండు రోజులు దొరికింది. మూడో రోజు అదేమిటో తెలిసి, ఒంటినిండా నూనెతో బల్ల మీద లేచి కూర్చుండిపోయాను.

నన్నక్కడికి పంపింది నా భార్య. పత్రిక డెస్క్‌లో ముప్ఫై ఏళ్లు పనిచేసి, రిటైరై ఇంట్లో కూర్చుని అప్పటికి ఏడాది. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది రెండు గదుల ఫ్లాటు. ఆమె మాట్లాడడం బాగా తగ్గించేసింది. ఒకరోజు కూరగాయల సంచీ వంటింటి గట్టు మీద పెట్టి, వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"గోడతో కాపురం చేస్తున్నానండీ నేను. అడిగినదానికి జవాబుండదు. ఆఫీసున్నన్నాళ్లూ ఆఫీసు ధ్యాస అనుకున్నాను. ఇప్పుడేమైంది? ఎల్బీనగర్‌లో ఆ ఆయుర్వేదం వాళ్లు వారం రోజులు ఉంచుకుని మనసు నిలపడం నేర్పుతారట. వెళ్లి రండి. వచ్చాక కూడా ఇలాగే ఉంటే, వనస్థలిపురంలో మా అక్క ఇంట్లో గది ఖాళీగానే ఉంది. నేనక్కడుంటాను."

కోపంగా అనలేదు. రేపు పాలు ఒక ప్యాకెట్ చాలు అన్నట్టు అంది. అందుకే భయం వేసింది.

నా మనసుకు నిలకడ లేదని నాకూ నమ్మకమే. డెస్క్ పని అలాంటిది. ఒక వార్త దిద్దుతుంటే ఇంకోదాని హెడ్డింగు తలలో తిరుగుతుంటుంది. ఆమె చెప్పిన జబ్బు సరైనదే అనుకుని బట్టలు సర్దుకున్నాను.

రింగు రోడ్డు వెనక గల్లీలో మూడంతస్తుల ఇల్లు అది. చేరిన రోజు వైద్యురాలు ఒక ఫారం ఇచ్చింది. నిద్ర, ఆకలి, కీళ్లు, చూపు, వినికిడి. వినికిడికి ఎదురుగా ‘బాగుంది’ అని రాశాను. జీవితమంతా ఇతరుల రాతలో తప్పులు పట్టినవాణ్ణి, నా ఒక్క మాటను రెండోసారి చూసుకోలేదు. ఆమె చెవుల్లోకి లైటు వేసి చూసి, లోపల శుభ్రంగానే ఉందంది.

తెల్లారకముందే లేపేవారు. ఆ చలిలో గోరువెచ్చని నువ్వుల నూనె వీపుకు తగులుతుంటే ప్రాణం లేచి వచ్చేది. ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్నం దాకా మౌనం. కానీ మౌనం మాకే, రోడ్డుకు కాదు. బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, ఉల్లిగడ్డల బండి మీద మైకు. కళ్లు మూసుకుని శ్వాసను గమనించమంటే నేను ఉల్లిగడ్డల రేటు గమనించాను.

మొదటి రోజు సాయంత్రమే కర్ణపూరణం మొదలుపెట్టారు. పక్కకు తిప్పి పడుకోబెట్టి చెవి నిండా గోరువెచ్చని నూనె పోసి, కాసేపు అలాగే ఉంచుతారు. ముందు కుడి చెవి. అది అయ్యాక దానికి దూది పెట్టి, రెండో వైపు తిప్పి ఎడమ చెవి.

కుడి చెవిలో నూనె నిండగానే రోడ్డు పోయింది. బండి పోయింది, మైకు పోయింది, పక్క గదిలో దగ్గు పోయింది. ఎడమ చెవి పైకి వచ్చేలా తిప్పినా ఆ నిశ్శబ్దం చెదరలేదు. నా శ్వాస నాకు తెలుస్తోంది, గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. మరునాడూ అంతే. నోటుపుస్తకంలో ‘మనసు నిలిచింది’ అని రాసుకున్నాను. ఇంటికెళ్లి ఈ సంగతి ఆమెకెలా చెప్పాలా అని మాటలు కూడా ఏరుకున్నాను.

నూనె పోసే ఆయనకు యాభై దాటి ఉంటాయి. చంపాపేట్ మనిషి. వాళ్ల పొలాలు కాలనీలయ్యాయి, దుకాణాల మీద కిరాయిలొస్తాయి. అయినా చేతులకు పని లేకపోతే పరేషాన్ అయితది సార్ అంటూ వచ్చేవాడు. మూడో రోజు, ఎడమ చెవి పైకి ఉండగా, నా భుజం పట్టి ఊపాడు. కళ్లు తెరిచాను. ఆయన నోరు కదులుతోంది. కుడి చెవిలో దూది లాగి, రెండు చెవుల్లో నూనె ఒంచేసి తుడిచాడు. రోడ్డంతా ఒక్కసారి మీద పడింది.

"ఏంది సార్, పండుకున్నరా?"

"లేదు, ధ్యానంలో ఉన్నాను," అన్నాను, కొంచెం గర్వంగానే.

"ధ్యానమా! నూనె వేడి సరిపోయిందా అని మొన్నటి సంది అడుగుతున్న. ఇయ్యాల నాలుగుసార్లు అడిగిన. ఆఖరికి గీ చెవుల నోరు పెట్టి ఒర్రిన సార్. కింద జావ కాచే అమ్మ గూడ ఉరికొచ్చింది, చూడుండ్రి."

నిజమే. గుమ్మంలో ఆవిడ గరిటెతో నిలబడి ఉంది.

ఆయన అరచేత్తో నా కుడి చెవి మూసి, ఎడమ చెవి దగ్గర చిటికె వేశాడు. వేళ్లు కదిలాయి. గూట్లో ఉన్న పూజ గంట తెచ్చి అక్కడే ఊపాడు. గంట నాలుక అటూ ఇటూ కొట్టుకోవడం ఓరకంట కనిపించింది. కొట్టుకుంటూనే ఉంది. చప్పుడు లేదు.

చెయ్యి తీసి, మెల్లిగా అన్నాడు: "గిది ధ్యానం కాదు సార్. మీకు గీ చెవి వినొస్తలేదు."

అప్పుడు కూర్చుండిపోయాను. మండలాల నుంచి విలేకరులు ఫోన్లో అరిచి చెప్పే వార్తలు, రిసీవర్‌ని ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కుడిచేత్తో రాసుకున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. సెల్‌ఫోను వచ్చాక అది కుడి చెవికి ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో తెలీదు. అందరినీ ఎప్పుడు, ఎందుకు అని అడిగినవాణ్ణి, నన్ను నేను అడగలేదు. ఆఫీసులో నా ఎడమ పక్కన గోడ ఉండేది. ఇంట్లో నా ఎడమ పక్కన ఆమె ఉండేది. సోఫాలో, స్కూటరు మీద నా భుజం మీంచి, మంచం మీద.

వైద్యురాలు వచ్చి నూనె ఆపించింది. ముందు చెవి డాక్టరుకు చూపించుకోమని ఫోను తిరిగిచ్చింది. నూనె పోసినాయన గేటు దాకా వచ్చాడు.

"ఒకటి మంచిగున్నది గదా సార్. మా తమ్మునికి రెండూ మంచిగున్నయ్, ఒక్క మాట వినడు."

మెట్రోలో ఇల్లు చేరేసరికి ఆమె హాల్లో, సోఫాకు ఎడమ పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"వారం అన్నారు, మూడో రోజుకే పారిపోయి వచ్చారా?"

సోఫాలో నా చోట కూర్చుని, మొహం ఆమె వైపు తిప్పి అంతా చెప్పాను. గంట సంగతి కూడా.

"బాగుంది, ఇదో కొత్త సాకు," అంది. నా మొహం చూసి ఆగింది. "ఎన్నాళ్ల నుంచి?"

"తెలీదు."

చాలాసేపు చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"రెండేళ్ల కింద మలక్‌పేటలో నాకు గడ్డ పరీక్ష చేశారు. గుర్తుందా?"

"ఏ గడ్డ?"

నాకు ఆ మాటే మొదటిసారి. ఆమె చెప్పుకుపోయింది. రొమ్ములో గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ఏమీ లేదని తేలడానికి వారం పట్టింది. "ముందు రోజు ఇక్కడే కూర్చుని, గడ్డ సంగతి చెప్పి, రేపు నాతో వస్తారా అని అడిగాను. మీరు టీవీ చూస్తున్నారు. ఇంకోసారి అడగబుద్ధి కాలేదు. అక్కను తీసుకుని వెళ్లాను."

ఆ వారమంతా ఆమె వండింది, నేను తిన్నాను, పేపరు చదివాను. ఆమె భయాన్ని నా పక్కనే పెట్టుకుని కూర్చుంటే, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

ఆమె కళ్లలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి అడిగాను:

"రేపు చెవి డాక్టరు దగ్గరికి నాతో వస్తావా?"

జవాబు వినపడలేదు. ఇచ్చిందో లేదో తెలీదు. తిరిగి చూడాలంటే భయమేసింది. పీట జరిగిన చప్పుడైంది. సోఫా చుట్టూ తిరిగి వచ్చి, ఆ పీట నా కుడి పక్కన వేసుకుని, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోకి తీసుకుంది.

"ఎన్నింటికి అని అడుగుతున్నాను," అంది.