కొత్త రంగు వాసన

మూసాపేటలో బస్సెక్కి మాదాపూర్‌లో దిగేసరికి, రాళ్లు పేల్చిన దుమ్ము కళ్లనిండా పడేది. హైటెక్ సిటీ అప్పుడే లేస్తోంది. ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తుంటే, మేం నలుగురం ఒక అద్దె భవనంలో కంప్యూటర్ చిప్పుల తయారీకి పనికొచ్చే పాలిమర్ పూతతో కుస్తీ పడుతున్నాం. సిలికాన్ బిళ్ల మీద ఆ పూత పూసి, ఎలక్ట్రాన్ కిరణంతో గీతలు గీసి, కాస్త వేడిచేసి ద్రావణంలో ముంచితే, కిరణం తగిలిన చోటల్లా కరిగిపోవాలి. ఏళ్ల తరబడి ఏడిపించి ఏడిపించి, చివరికి కరిగింది.

కానీ మహా పెంకి సరుకు. గాలిలో రవ్వంత అమ్మోనియా ఉన్నా పైపొర కరగదు, గీతలు మూసుకుపోతాయి. అందుకే నేల తుడిచే మందును కూడా ఆ గది గడప దాటనిచ్చేదాన్ని కాదు. నా చాదస్తానికి అందరూ నవ్వుకునేవారు.

ప్రాజెక్టు ఉంచాలో మూసేయాలో తేల్చడానికి మంగళవారం కమిటీ వస్తోంది. సోమవారం పొద్దున్న తలుపు తీయగానే గుప్పున రంగు వాసన. పెద్దవాళ్లొస్తున్నారని మా హెడ్ ఆదివారమంతా దగ్గరుండి గోడలకు రంగు వేయించారు, వియ్యాలవారి కోసం ఇల్లు ముస్తాబు చేసినట్టు. ఆయనా రసాయన శాస్త్రం చదివినవారే. గోడల దగ్గరికొచ్చేసరికి ఆ చదువు గుర్తురాలేదు, అంతే.

బాగుందా అని సంబరంగా అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ రంగులో అమ్మోనియా ఉంటుంది కదండీ," అన్నాను.

ఆయన గబగబా వెళ్లి కిటికీ తెరవబోయారు.

కిటికీలు తెరిస్తే దుమ్ము, మూస్తే వాసన. మర్నాడు కమిటీ ముందు తీసిన బిళ్ల మీద ఒక్క గీతా తెరుచుకోలేదు. చిప్పులు బయట కొనుక్కోవచ్చు కదమ్మా అని ఒకాయన నన్ను ఓదార్చాడు. ఇంకొకాయన గది చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు. కొద్దిరోజులకే మూసేయమని ఉత్తర్వు వచ్చింది.

సామాన్లు సర్దే నాటికి వాసన పోయింది. సీసా అడుగున మిగిలిన పాలిమర్‌ని ఒక బిళ్ల మీద పూసి, గీతలు గీసి, వేడిచేసి ద్రావణంలో ముంచాను, ఎందుకో నాకే తెలియదు. మైక్రోస్కోపులో చూస్తే గీతలన్నీ చక్కగా, శుభ్రంగా తెరుచుకుని ఉన్నాయి. హెడ్‌ని పిలిచాను. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"ఇప్పుడు ఎవరికి చూపిద్దామమ్మా?" అన్నారు.

ఈలోగా తాళ్లు పట్టుకుని కూలీలు లోపలికి వచ్చారు.

"మేడమ్, మిషిని దించుతం. జర పక్కకు జరుగుండ్రి," అన్నాడు ఒకతను.

జరిగాను.