నొప్పికి పేర్లు నేర్పిన టీచర్ గారు

మా టీచర్ గారు మొన్న శుక్రవారం తెల్లవారుజామున పోయారు. ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే పోయారక్కా. బాధేం పడలేదు." ఇక్కడి ఆసుపత్రిలో డ్యూటీకి బట్టలు మార్చుకుంటున్నదాన్ని అలాగే బెంచీ మీద కూర్చుండిపోయాను. దేశంకాని దేశంలో ఈ నర్సు ఉద్యోగం నాకు ఆవిడ వల్లే వచ్చింది.

పెదకాకానిలో మాకు పక్కిల్లే. ఆవిడ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేనప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. విదేశాలకు వెళ్ళే నర్సులకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పాను. మా ఆయన కూడా "ఇక చాల్లే" అన్నాడు. ఆ సాయంత్రం గోడ అవతలి నుంచి ఆవిడ పిలిచారు. "ఏమ్మా, ఏం చదివావో ఓసారి చెప్పు."

బట్టీ పట్టిన పెద్ద పెద్ద మాటలన్నీ గడగడా అప్పజెప్పాను. చివరిదాకా విని, "ఇన్ని తెలుసు గదా, నా మోకాలు ఎలా నొప్పెడుతోందో ఇంగ్లీషులో చెప్పు" అన్నారు.

"సివియర్ పెయిన్" అన్నాను.

నవ్వారు. "అన్ని నొప్పులూ ఒకటేనా? సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు. ముందు తెలుగులో సరిగ్గా విను. ఇంగ్లీషు మాట తర్వాత వస్తుంది."

ఆ మర్నాటి నుంచి ఆవిడ పేషెంటు, నేను నర్సు. సాయంత్రప్పూట అసర్ నమాజు చేసుకుని వచ్చి వరండాలో మంచం మీద కూర్చునేవారు. ఒకరోజు పంటి నొప్పి, ఒకరోజు నడుం పట్టు, ఇంకోరోజు మిరపకాయల తొడిమలు తీశాక చేతుల్లో పుట్టే మంట. సలిపితే త్రాబింగ్, పొడిచినట్టుంటే స్టాబింగ్, వదలకుండా తొలుస్తుంటే నాయింగ్. అర్థం చెబితే ఒప్పుకునేవారు కాదు. ఆ మాటతో ఆవిడను ప్రశ్న అడగాలి. నేను తడబడితే, "మాట కోసం వెతుక్కో, పర్లేదు. నా మొహం చూస్తూ వెతుక్కో" అనేవారు.

ఒక సాయంత్రం ఎప్పటిలాగే మొదలుపెట్టారు. "ఈరోజు గుండె మీద బండ పెట్టినట్టుందమ్మా. ఎడమ దవడలోకి లాగుతోంది."

"క్రషింగ్" అన్నాను. "రేడియేటింగ్..." అంటూ ఆవిడ మొహం చూశాను. నుదుటి నిండా చెమట.

"టీచర్ గారూ, ఇది పాఠమేనా?"

"కాదేమోనమ్మా" అన్నారు నెమ్మదిగా.

ఆటోలో గుంటూరు తీసుకెళ్ళాం. దారంతా నా చెయ్యి వదల్లేదు. సమయానికి తెచ్చారని చెప్పి డాక్టర్లు స్టెంట్ వేశారు. ఇంటికొచ్చి కాస్త తేరుకోగానే మళ్ళీ నన్ను పిలిపించారు. కోడలు వద్దంటే, "ఈ పిల్ల పాసయ్యేదాకా నేనెక్కడికీ పోనులే" అన్నారు.

ఇక్కడికొచ్చిన కొత్తల్లో ఒక ముసలాయన కడుపు పట్టుకుని "నాయింగ్" అన్నాడు. తొలిచేస్తోందన్నమాట పాపం, అని మనసులో తెలుగులోనే అనుకున్నాను. ఆ తర్వాతే ఆయన భుజం మీద చెయ్యి వేసి ఇంగ్లీషులో మాట్లాడాను. ఆ సంగతి ఫోన్లో చెబితే టీచర్ గారు "ఆయనకి తగ్గిందా?" అని మాత్రం అడిగారు.

పాసయ్యానని తెలిసిన రోజు కూడా పొగడలేదు. జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది, పెద్ద ముక్క నా చేతిలో పెట్టారు. రోడ్డు మీద మిర్చి బస్తాల ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి యార్డుకి పోతున్నాయి. ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు పట్టుకున్నాయి. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నీళ్ళు నిండిన కళ్ళతో నవ్వుతూ, ఇంకో ముక్క నా వైపు జరిపారు.