షిహాబ్ గడ్డం

బేరూతు రేవులో షిహాబ్ ఎవరేమడిగినా ముందు గడ్డం నిమురుకుని ఆ తర్వాతే జవాబు చెబుతాడు. మనిషి పొట్టి, గడ్డం పొడుగు. రోజూ పొద్దున్నే దానికి ఆలివ్ నూనె రాసి, దువ్వి, అప్పుడు గానీ చుక్కాని ముట్టుకోడు. అలాంటివాడు గడ్డం గీయించుకున్నాడు! శిలువ సైన్యం కట్టుకొచ్చిన పరంగులు అక్కా నగరాన్ని ముట్టడించారు. లోపల జనం ఆకలితో మాడుతున్నారు, వాళ్లలో అతని భార్య రబాబ్ కూడా ఉంది. షిహాబ్ నడిపే గోధుమల ఓడ అక్కా రేవు చేరాలంటే అది పరంగుల ఓడలా కనబడాలి. అందుకే ఓడలోని వాళ్లందరూ గడ్డాలు తీసేసి, శిలువ జెండా ఎత్తి, ఓడ పైన నాలుగు పందుల్ని కూడా వదిలారు.

దారిలో కాపలా పడవ అడ్డొచ్చింది. "ఎక్కణ్ణుంచిరా?" అని అరిచాడు పరంగి. వాళ్ల భాష వచ్చిన షిహాబ్ నోరు తెరిచేలోపే చెయ్యి లేచి, గడ్డం లేని చోట గాలిని నిమిరింది. పరంగి కళ్లు చిట్లించాడు. షిహాబ్ చెయ్యి అలాగే కిందికి దిగి పక్కనున్న పంది మెడ నిమరసాగింది.

"టైరు రేవు నుంచి దొరా! మన శిబిరానికే. మా ఆవిడకంటే ఇదే నా మాట వింటుంది!"

"పోరా పో, దాన్ని పెళ్లాడేవు!"

వాళ్లింకా నవ్వుతుండగానే ఓడ గిర్రున తిరిగి అక్కా రేవులోకి దూసుకుపోయింది.

ఒడ్డున రబాబ్ చెప్పు తీసింది. "దగ్గరికి రాకు పరంగీ!"

"నేనేనే, మీ ఆయన్ని!"

"మా ఆయనకి గడ్డముంది. నీకు పంది కంపుంది!"

జవాబు చెప్పబోతూ షిహాబ్ మళ్లీ గాలిని నిమిరాడు. రబాబ్ చేతిలోని చెప్పు జారిపోయింది.