మేత తీయని రోజు

ఈ మాట ఏళ్ల తరబడి నా నోట్లోనే నానుతోంది. ఉమ్మలేదు, మింగలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం చెప్పను. పేరు దాచుకుని ఒప్పుకుంటే అది ఒప్పుకోవడం అవుతుందా? ఏమో.

మాది పెద్ద ఇల్లు, ఒకప్పుడు. అరసవల్లి వెళ్లే యాత్రికులకు మా తాతగారి వాకిట్లో విస్తళ్లు వేసేవారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ వాకిలి మాది కాదు. పొయ్యి వెలగని పూట మా అమ్మ తాంబూలం వేసుకుని, పెదవులు ఎర్రగా పండించుకుని, అద్దె ఇంటి అరుగు మీద కూర్చునేది. ఎవరైనా పలకరిస్తే "ఇప్పుడే అయింది భోజనం" అనేది. నేను పక్కనే వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాణ్ణి. ఆ వెన్ను ఇప్పటికీ వంగలేదు.

చదువయ్యాక మా జిల్లాలోనే మందుల పరిశోధనశాల ఒకదానిలో చేరాను. అక్కడ సత్యవతి నాకు పై ఉద్యోగి. నెల్లిమర్ల మనిషి, తండ్రి జూట్ మిల్లు కార్మికుడు. నా నడక చూసి మొదటి రోజే నాకు దొరబాబు అని పేరు పెట్టింది. కోపం వచ్చింది. కొంచెం నచ్చింది కూడా.

కణితులున్న ఎలుకల మీద ఆమె ఒక కొత్త మందును పరీక్షిస్తోంది. కణితికి చక్కెర ఆకలి ఎక్కువ. చక్కెర లాంటి ఒక ద్రవాన్ని ఎలుకకు ఎక్కించి, మత్తిచ్చి స్కాన్ తీస్తే, కణితి దాన్ని లాగేసుకుని బొమ్మలో వెలుగుతుంది. మందు పనిచేస్తే వెలుగు తగ్గాలి. అయితే ఎలుక కడుపు నిండి, రక్తంలో అప్పటికే చక్కెర ఉంటే, మందు లేకపోయినా వెలుగు తగ్గుతుంది. అందుకే స్కాన్‌కు ముందు మేత తీసేసి నీళ్లు మాత్రం ఉంచాలి.

మందు వేయని ఎలుకలకు మొదట స్కాన్ తీశాం. వాటి మేత నేనే తీశాను. అవి ఖాళీ గిన్నె దగ్గరకు వచ్చి, వాసన చూసి, మళ్లీ వచ్చి చూశాయి. తర్వాత మందు వేసిన వాటి వంతు వచ్చింది. ఆ రోజు నేను మేత తీయలేదు.

ఎందుకు? జాలి అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆకలిని దాచుకున్న ఇంట్లో పుట్టినవాడు మరొకరి నోటి ముందు కూడు లాగలేకపోయాడని అనుకుంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆ పని అసలు పనివాడిది. అతను సెలవులో ఉంటే మొదటిసారి ఎలాగో చేశాను. రెండోసారి నలుగురి ముందు నన్ను చేయమన్నారు. నాకు అది తలవంపుగా తోచింది. మరి జాలా, పొగరా? లేక ఊరికే బద్ధకమా? ఎన్నిసార్లు తవ్వినా అడుగు తగలడం లేదు.

అదే రోజు మత్తు గ్యాస్ యంత్రం మొరాయించింది. సత్యవతి అందరికీ చెప్పి, గ్యాస్ బదులు సూదిమత్తు ఇచ్చింది. బొమ్మల్లో కణితులు మసకబారాయి. మందు పనిచేసిందని మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

మరో బృందం అదే పరీక్ష మళ్లీ చేస్తే వెలుగు తగ్గలేదు. విచారణ పెట్టారు. సూదిమత్తు రక్తంలో చక్కెర పెంచుతుంది, తప్పు అక్కడే అన్నారు. అప్పుడు సత్యవతి నన్ను వరండాలో ఆపింది.

"ఏటి దొరబాబూ, నిజం సెప్పు. ఆ రోజు మేత తీసినావా, నేదా?"

"తీశాను."

"ఆకలితో ఉన్న ఎలకకి ఈ సూది సక్కెర అంతగా పెంచదు. తిన్నదానికైతే ఎగిరిపోతాది. అందుకే అడుగుతన్నాను."

"తీశానన్నాను కదండీ. మా వంశంలో అబద్ధం చెప్పే అలవాటు లేదు."

ఆమె నవ్వింది. "మీ వంశంతో నాకేటి పని బాబూ? ఎలకల సంగతి అడిగినాను. అవేమో సెప్పలేవు. సరే, తీసినానంటే తీసినట్టే."

నా మాట నమ్మి, విచారణలో తప్పు తన మీదే వేసుకుంది. ఆమె చెయ్యి నమ్మదగింది కాదన్నారు. ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది.

నన్ను తికమక పెట్టేది ఇదీ. ఆ మసకలో సూది పాలెంత, మేత పాలెంత? మేత తీసి ఉన్నా సూదే అంతా చెడగొట్టేదేమో. అప్పుడు ఆమె మీద పడ్డ నింద కొంతైనా న్యాయమేనా? ఈ లెక్క నా కోసమే వేసుకుంటున్నానని తెలుసు. తెలిసీ వేస్తూనే ఉన్నాను.

మొన్న ఆమదాలవలస స్టేషన్లో కనబడింది. నెల్లిమర్లలో పిల్లలకు పాఠాలు చెబుతోందట. జుట్టు నెరిసింది. "ఏటి దొరబాబూ, ఇలా సిక్కిపోనావు? తిన్నావా?" అంది.

"ఇప్పుడే అయింది" అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఆ మాట నా నోట్లోంచి మా అమ్మ గొంతుతో వచ్చింది. ఆమెకు చెప్పాల్సింది మరొకటి ఉందని గుర్తొచ్చేసరికి ఆమె బండెక్కేసింది. పరుగెత్తవచ్చు. జనం చూస్తున్నారు. నేను పరుగెత్తలేదు.

ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. దీనివల్ల ఆమెకు ఏమీ తిరిగి రాదు. నా గొంతు మాత్రం కాస్త తెరుచుకుంది, అంతే.

సత్యవతీ, ఆ రోజు మేత నేను తీయలేదు. అవి తిన్నాయి.