మా ఇంటి శోకం, ఆరు తీగల మీద

నా కుడిచేతి గోళ్లు చూసి మా బాపు రోజూ సణిగేవాడు. "చెరుకు బండ్లు తూసేటోనికి గోర్లెందుకుర? పెండ్లిపిల్లవా?" అని. గిటారును గోళ్లతోనే మీటాలని ఆయనకు నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. ఎడమచేతి గోళ్లు మాత్రం మొదలంటా కత్తిరించేవాణ్ని. దాంతో నాకు కొంచెం తిక్క ఉందని వాడకట్టంతా తీర్మానించేసింది.

గిటారు నేర్పింది బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే గోవా ఇంజినీరు. ఆదివారాలు ఆయన వరండాలో కూర్చోబెట్టి ఓపిగ్గా నేర్పాడు. డెబ్బైల మొదట్లో బదిలీ మీద వెళ్లిపోతూ తన పాత గిటారు నాకే ఇచ్చాడు. ఊరికే ఇచ్చి పోతే బాగుండేది. నువ్వు వాయించేవన్నీ ఎవరో స్పెయిన్ వాళ్ల ఇంటి పాటలు, మీ ఇంటిది ఒకటి కట్టు అని నా నెత్తిన బరువు కూడా పెట్టి పోయాడు.

మా ఇంట్లో పాట అంటే అమ్మమ్మే. అదీ మామూలు పాట కాదు, శోకం. చుట్టుపక్కల ఎవరింట్లో చావైనా అమ్మమ్మను పిలవడానికి మనిషి వచ్చేవాడు. ఆమె శవం పక్కన కూర్చుని రాగం ఎత్తిందంటే, అంతవరకు బిగబట్టుకున్న మగవాళ్లు కూడా కండువా నోట్లో కుక్కుకునేవారు. ఆ శోకానికి ఒక వరస ఉంది. మొదట పోయిన మనిషి జుట్టును తలుచుకుని ఏడవాలి, తర్వాత మొహాన్ని, తర్వాత పని చేసిన చేతుల్ని, చివరికి గడప దాటిన పాదాల్ని. ఒక్కోదానికి రాగం ఒక్కోలా తిరుగుతుంది.

అన్ని ఇళ్లలో అంత ఏడ్చిన మనిషి సొంత బిడ్డకు ఏడవలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు ఆ బిడ్డ, అంటే నన్ను కన్న మా అవ్వ, కాన్పులో పోయింది. నాకు నాలుగేళ్లు. నన్ను పక్కింట్లో ఉంచి అంతా కానిచ్చేశారు. అవ్వేదని అడిగితే, "మోర్తాడ్ పోయింది, పసుపు తవ్వకాలైనంక వస్తది" అన్నారు. మోర్తాడ్ మా అవ్వ పుట్టిల్లు. ఆలస్యంగా కబురంది అమ్మమ్మ అక్కడి నుంచి ఒక్కతే వచ్చింది. నేను ఎదురు పరుగెత్తి, "అవ్వేది?" అన్నానట. శోకం ఎత్తబోయిన మనిషి నన్ను చూసి నోరు మూసుకుంది. "పసుపు తవ్వుతాంది బిడ్డా" అని నన్ను సంకన వేసుకుంది. ఇక తిరిగి పోలేదు, నన్ను పెంచుతూ మా ఇంట్లోనే ఉండిపోయింది.

నిజం నాకు ఒకటో తరగతిలో తోటి పిల్లలు చెప్పారు. ఇంటికొచ్చి అమ్మమ్మను అడుగుదామనుకుని, పొయ్యి ముందు ఆమెను చూసి ఊరుకున్నాను. అడిగితే ఏడుస్తుందని భయం. ఆ తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట ఎత్తడం మరీ కష్టమైపోయింది. బాపూ ఎత్తలేదు. ముగ్గురం ఒకే చాప మీద కూర్చుని తినేవాళ్లం, ఆ పేరు ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు మా ఇంటి పాటంటే నాకు ఆ శోకమే కనిపించింది. జుట్టు, చేతులు, పాదాలు ఎలాగోలా కట్టాను. గిటారుతో పెద్ద చిక్కేమిటంటే, తీగ మీటిన వెంటనే స్వరం చచ్చిపోతుంది. ఏడుపేమో సాగాలి. అందుకని ఒకే తీగను మూడు వేళ్లతో వెంటవెంటనే మీటుతూ దాన్ని సాగదీశాను. మొహం మాత్రం కుదరలేదు. అక్కడికొచ్చేసరికి చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా ఘొల్లుమంటారు, అమ్మమ్మ రాగం అందులో మునిగిపోతుంది. చిన్నప్పటి నుంచి ఎన్ని వాకిళ్ల దగ్గర నిలబడ్డా అది నా చెవిన పడలేదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మమ్మయితే అడిగినా పెట్టలేదు. "సావు గాని ఇంట్ల శోకం దీస్తరార? అరిష్టం. గా డబ్బ ఆడ వెట్టి అన్నం తిను" అని కసిరింది. నాలుగైదు సార్లు కసిరించుకున్నాక నాకూ కోపం వచ్చింది. ఓ మధ్యాహ్నం ఆమె చాటలో బియ్యం ఏరుతుంటే నోటికొచ్చింది అనేశాను.

"మనింట్ల సావు గాలేదా, అమ్మమ్మా?"

ఆమె చాట పక్కన పెట్టింది. నా వైపు చూడకుండా కొంగు నెత్తిమీదికి లాక్కుని మెల్లగా మొదలుపెట్టింది. "నల్లని నీ కొప్పుల పువ్వు వాడనన్న లేదు బిడ్డా..." ఊళ్లో వాళ్లకు ఏడ్చిన గొంతు కాదది. సన్నగా, వణుకుతూ, దారి తెలియనట్టు ఉంది. జుట్టు అయిపోయింది. మొహం దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చింది. నేను గిటారు మెడ గట్టిగా పట్టుకుని ఎదురు చూశాను. ఆమె ఆగిపోయింది.

"నీకెప్పటి సంది ఎర్క?" అంది.

"ఒకటో తరగతిల ఉన్నప్పటి సంది."

"గప్పుడే జెప్తే గప్పుడే ఏడుద్దును గదరా. నువ్వడుగుతవు, నువ్వడిగినంక ఏడ్వాలె అని సూసుకుంట సూసుకుంట ఉన్న. గిప్పుడు ఏడుద్దమంటే నా బిడ్డ మొకం యాదికొస్తలేదు."

మా ఇంట్లో అవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆమె నా మొహంలోకి చూసింది, ఏమైనా చెబుతానేమోనని. నాలుగేళ్లవాడికి ఏం గుర్తుంటుంది? నాకు అవ్వ చీర కుచ్చిళ్లు తప్ప ఏమీ గుర్తులేదు. ఆ మాటే చెప్పాను. అమ్మమ్మ మొహాన్ని వదిలేసి చేతులకు పోయింది, పాదాలతో ముగించింది. ఏడవడం ఆపలేదు. నేనూ ఆమె పక్కన కూర్చుని, నాలుగేళ్లప్పుడు ఏడవాల్సింది అప్పుడు ఏడ్చాను.

ఆ కృతి అలాగే పూర్తి చేశాను. జుట్టు తర్వాత, మొహం రావాల్సిన చోట, అరచేయి తీగల మీద ఆనించి ఆ రాగం పట్టేంత సేపు ఆగుతాను. విన్నవాళ్లు నేను మరిచిపోయాననుకుంటారు. మరిచిపోయిన మాట నిజమే.