గెనోవెఫా వామి జరిపిన ఏడు

బ్యెబ్జా ఏటి చిత్తడిలో ఇంకా చేత్తో తుంగ కోసే మనిషి గెనోవెఫా ఒక్కతే. అరవై రెండేళ్ల వయసు, తనంత ఎత్తు కొడవలి, ఎవరి మాటా వినని మొండితనం. ఆగస్టులో మరియమ్మ మూలికల పండగ దాటితే గానీ కొడవలి ముట్టేది కాదు. తుంగ మొదళ్లలో గూడు కట్టే చారల పిట్టల పిల్లలు అప్పటికి గానీ ఎగరవు. అలాగని కోయడం మానేస్తే చిత్తడంతా పొదలెక్కి, పిట్టకు చోటే ఉండదు. ఆ పిట్ట కోసం దూరదేశాల వాళ్లు వస్తుంటే ఆవిడకు లోలోపల గర్వంగా ఉండేది. ఉండదా మరి?

కోసిన గడ్డిని వాళ్ల నాన్న వేసిన చోటే, వాగు ఒడ్డున, గుంజ చుట్టూ వామి వేసేది. చలికాలం నేల గడ్డకట్టాక బండి మీద తోలుకోవడం అక్కడి ఆచారం. ఈమధ్య నేల సరిగ్గా గడ్డకట్టక బండి దిగబడేది. వామి అక్కడే ఉండిపోయి, వరదకు వాగులోకి జారి కుళ్లేది.

ఒకరోజు కొడవలి కడగడానికి దిగితే వాగులో మోకాలి లోతు కుళ్లిన గడ్డి బురద. తడిమి చూస్తే చేతికొచ్చిన ఆల్చిప్పలన్నీ నోళ్లు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. పారే నీళ్లూ శుభ్రమైన గులకా లేకపోతే అవి బతకవని ఆవిడకు తెలుసు. పిట్టను కాపాడిన చేత్తోనే వీటిని పాతిపెట్టానని ఆ పూట ముద్ద దిగలేదు.

పక్కింటి జెనోన్ ఊరుకోలేదు.

"ఏంటక్కా, పాడదు, ఎగరదు, చిప్ప కోసం మొహం వేలాడేశావ్?"

"పిట్టకి రెక్కలున్నాయిరా, ఇంకో చిత్తడి వెతుక్కుంటుంది. ఇది ఈ వాగు వదిలి ఎక్కడికి పోతుంది? గోల చేసేవాళ్లకే అన్నీనా?"

ఆ ఏడే వామిని మెరకకు జరిపింది. ఒక్కో మోపూ నెత్తిన పెట్టుకుని మోసేసరికి నడుం విరిగినంత పనైంది. మూడో ఏడు జెనోన్ తనే వచ్చి ఒక మోపు ఎత్తుకున్నాడు. వాగులో కుళ్లిన గడ్డిని కూడా ఇద్దరూ కలిసి లాగేశారు. ఎగువ నుంచి చేపలు మళ్లీ రావడం మొదలైంది. ఆల్చిప్ప పిల్లలు చేప మొప్పలు పట్టుకునే ప్రయాణం చేస్తాయి కాబట్టి, గెనోవెఫా ప్రాణం కాస్త కుదుటపడింది.

ఎనిమిదో ఏడు, పిట్టల లెక్కకు వచ్చిన నేషనల్ పార్కు అమ్మాయిని చెయ్యి పట్టుకుని వాగులోకి దింపింది. గులకలో గోరంత ఆల్చిప్పలు, మూడు. మూడూ బతికే ఉన్నాయి. గెనోవెఫా ఏడ్చేసింది, దాచుకోలేదు కూడా.

"పిట్టలు పాడి మరీ లెక్కలోకెక్కుతాయి. వీటి కోసం నువ్వే వంగాలి తల్లీ. వచ్చే ఏడు కూడా వంగు," అంది.

అమ్మాయి అప్పటికే మోచేతుల దాకా చేతులు నీళ్లలో పెట్టి, నాలుగోదాన్ని వెతుకుతోంది.